వంటింటి లెక్కలో డబ్బు ఒక్కటే కాదు, గ్యాసు, పొద్దు కూడా రాద్దాం

ఏడాది సరుకు ఒకేసారి వేసుకోవడం బరంపురం, గంజాం తెలుగిళ్లలో పాత అలవాటు. వేసవి వస్తే కొత్త చింతపండు, ఎండుమిర్చి, కందిపప్పు ఇంటికి చేరతాయి. మామిడికాయ ముదరగానే ఆవకాయ, ఎండ ముదరగానే వడియాలు, అప్పడాలు. 1936లో గంజాం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఒడిశాలో కలిసినా మన వంటింటి పద్ధతి మాత్రం మారలేదు.

పదిమంది తినే ఇంటికి ఆ లెక్క సరిగ్గా సరిపోయేది. ఇప్పుడు చాలా ఇళ్లలో పిల్లలు విశాఖకో, హైదరాబాదుకో, బెంగళూరుకో వెళ్లిపోయారు. ఇంట్లో మిగిలింది ఇద్దరో ముగ్గురో. మనుషులు తగ్గినా కొలతలు తగ్గలేదు. పప్పు డబ్బాలో పురుగు పడుతుంది, బియ్యంలో ముక్కపురుగు తిరుగుతుంది, నిరుడి పచ్చడి జాడీ అడుగున నల్లబడుతుంది. చౌకగా వచ్చిందని కొన్నది పారబోస్తే అది చౌక కాదు.

2023-24 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం మన దేశంలో కుటుంబాలు పెట్టే ఖర్చులో తిండి వాటా పల్లెల్లో సుమారు 47 శాతం, పట్టణాల్లో సుమారు 40 శాతం. ఇది డబ్బు లెక్క. పొద్దు లెక్క ఇంకొకటి ఉంది. 2019లో జరిగిన జాతీయ సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు అందుకు రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. ఆ పని చేసే మగవాళ్ల సగటు 97 నిమిషాలు. అంటే ఆడవాళ్లకు రోజూ దాదాపు అయిదు గంటలు. ఈ గంటలు ఏ పద్దు పుస్తకంలోనూ ఉండవు. డబ్బు, గ్యాసు, పొద్దు మూడూ కలిపి చూస్తేనే వంటింటి అసలు ఖర్చు తెలుస్తుంది.

ఎంత కొనాలి?

దీనికి అంచనాలు వద్దు. పప్పు ప్యాకెట్టు విప్పిన రోజు దానిమీదే తారీఖు రాయండి. అయిపోయిన రోజు చూడండి. మనిషికి రోజుకు 50 గ్రాముల చొప్పున వాడే ఇంట్లో ఇద్దరికి నెలకు మూడు కిలోలు సరిపోతుంది. అలాంటి ఇంటికి పాతిక కిలోల బస్తా ఎనిమిది నెలల సరుకు. మన సముద్రతీరపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి వానాకాలం దాటించి పప్పు నిల్వ చేయడం కష్టం. రెండు, మూడు నెలలకు సరిపడా కొని, ఎండబెట్టి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసుకోవడం మేలు. చింతపండు, ఉప్పు, బెల్లం లాంటివి అంతకన్నా ఎక్కువ కాలం ఆగుతాయి.

ధరల పెరుగుదల, తరుగుదల కూడా కొంతవరకు ముందే తెలుస్తాయి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు యంత్రపు పడవల చేపల వేటకు నిషేధం ఉంటుంది. ఆ రోజుల్లో గోపాలపురం చేప తక్కువగా వస్తుంది, ధర పెరుగుతుంది. అప్పుడు గుడ్లు, ముందే కొనుక్కున్న ఎండుచేపలు ఆదుకుంటాయి. కార్తికమాసంలో మన ఒడియా ఇరుగుపొరుగు చాలామంది నీచు ముట్టరు. కూరగాయలకు గిరాకీ పెరిగే నెల అది. గుమ్మడి, కంద, చేమ లాంటి నిలవుండే కూరలు ముందువారమే తెచ్చుకుంటే సరి.

పొయ్యి మీద పోయేది ఎక్కడ?

నీళ్లు ఒకసారి మరిగాక మంట ఎంత పెంచినా వాటి వేడి 100 డిగ్రీలు దాటదు. పెద్దమంట వల్ల ఆవిరి ఎక్కువ పోతుందే తప్ప కూర త్వరగా ఉడకదు. లీటరు నీళ్లను మామూలు వేడి నుంచి మరిగించడానికి పట్టే వేడికి సుమారు ఏడు రెట్లు, ఆ నీళ్లన్నీ ఆవిరి కావడానికి పడుతుంది. మూత లేని గిన్నెలో మన డబ్బు పోయే దారి అదే. మరిగే దాకా పెద్దమంట, మరిగాక మూత పెట్టి చిన్నమంట.

కుక్కరులో ఒత్తిడి వల్ల నీళ్ల వేడి 120 డిగ్రీల దగ్గరికి పోతుంది, అందుకే పప్పు త్వరగా ఉడుకుతుంది. మొదటి కూత రాగానే మంట తగ్గించాలి. ఆపైన వచ్చే ప్రతి కూతా బయటికి పోయే గ్యాసే. కందిపప్పు గంటసేపు, ఉప్పుడు బియ్యం అరగంట నానబెడితే ఉడికే సమయం తగ్గుతుంది. నానడానికి పైసా ఖర్చు లేదు, కొంచెం ముందుచూపు చాలు.

మనకు పప్పు ఒక గిన్నె, కూర ఒక గిన్నె, చారు ఇంకో గిన్నె. మూడుసార్లు పొయ్యి, మూడు గిన్నెలు తోమడం. పక్కింటి దాల్మా చూడండి. పప్పు, గుమ్మడి, అరటికాయ, బొప్పాయి అన్నీ ఒకే గిన్నెలో ఉడికి, చివర ఒక్క పోపుతో పూర్తవుతాయి. 2015 ఏప్రిల్‌లో ఒడిశా ప్రభుత్వం బరంపురంతో సహా అయిదు నగరాల్లో ‘ఆహార్’ కేంద్రాలు మొదలుపెట్టినప్పుడు అయిదు రూపాయలకు పెట్టింది అన్నం, దాల్మాయే. మన ముక్కల పులుసు, కలగలుపు పప్పు కూడా ఆ దారివే. వారంలో మూడు రోజులు ఒకే గిన్నె వంట చేసుకున్నా గ్యాసు, పొద్దు రెండూ మిగులుతాయి.

పొద్దున్నే పొయ్యి వెలిగించకుండా గడిపే పద్ధతి మన పెద్దలకూ ఉంది. చద్దన్నం, చోడి అంబలి అవే కదా. ఒడిశాలో మార్చి 20ని పఖాళ దిబసగా చేసుకుంటున్నారు. రాత్రి అన్నం చల్లారగానే నీళ్లు పోసి మూత పెట్టాలి, మర్నాడే తినెయ్యాలి. వాసన తేడాగా ఉంటే పారెయ్యాలి.

గ్యాసా, కరెంటా?

ఇండక్షన్ పొయ్యి కొనాలా అని చాలా ఇళ్లలో చర్చ. దీనికి చిన్న లెక్క ఉంది. 14.2 కిలోల సిలిండరు మామూలు పొయ్యి మీద చేసే వంటకు ఇండక్షన్ మీద సుమారు 120 నుంచి 130 యూనిట్లు పడుతుంది. కాబట్టి మీ సిలిండరు ధరను 125తో భాగించండి. వచ్చిన అంకెను మీ కరెంటు బిల్లులో చివరి శ్లాబు రేటుతో పోల్చండి. రేటు తక్కువగా ఉంటే ఇండక్షన్ లాభం, ఎక్కువగా ఉంటే గ్యాసే లాభం. ఏసీలు తిరిగే మే నెలలో శ్లాబు పైకి పోతుంది కాబట్టి జవాబు నెలనెలా మారవచ్చు.

గ్యాసు మాత్రం పూర్తిగా వదలకూడదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటాక మన జిల్లాలో చాలా చోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. అక్టోబరు, నవంబరు నెలల్లో నిండు సిలిండరు, వారానికి సరిపడా అటుకులు, బెల్లం, తాగునీళ్లకు డబ్బాలు ఉంచుకోవడం దుబారా కాదు.

చేసుకోవాలా, కొనుక్కోవాలా?

బరంపురం అప్పడాలకూ పచ్చళ్లకూ పేరున్న ఊరు. ఇంట్లో చేస్తే ఎంత మిగులుతుందో ఒకసారి రాయండి. బజారు ధరలోంచి సరుకు ఖర్చు తీసెయ్యండి. మిగిలినదాన్ని పట్టిన గంటలతో, చేసిన చేతులతో భాగించండి. గంటకు పది రూపాయలే మిగిలితే, ఆ గంటలు మోకాళ్ల నొప్పులతో కూర్చున్న అమ్మవో అత్తవో అయితే, కొనుక్కోవడమే పొదుపు. ఆ డబ్బు ఊళ్లోనే ఇంకో ఆడమనిషి సంపాదన అవుతుంది. ఆవకాయ సంగతి వేరు. అది ఇంటిల్లిపాదికీ ఇష్టమైన పని, ఇంటి రుచి బజారులో దొరకదు. అలాంటివి ఉంచుకుని, అలవాటుగా మాత్రమే సాగుతున్నవి తగ్గించుకోవచ్చు.

వెల్లుల్లి ఒలవడం, ఆకుకూర బాగుచెయ్యడం, కొబ్బరి తురమడం, బజారుకెళ్లి రావడం ఎవరైనా చెయ్యగల పనులే. టీవీ ముందు కూర్చున్న గంటలో మగవాళ్ల చేతులు కూడా ఖాళీగానే ఉంటాయి. ఆదివారం ఇద్దరు కలిసి గంట పనిచేస్తే వారం మొత్తం మీద పొయ్యి దగ్గర నిలబడే సమయం తగ్గుతుంది.

ఈ నెల ఒక చిన్న పుస్తకంలో మూడు గళ్లు గీద్దాం: డబ్బు, గ్యాసు, పొద్దు. సిలిండరు పెట్టిన తారీఖు, పారేసిన సరుకు, వంటింట్లో ఎవరు ఎన్ని గంటలున్నారో రాద్దాం. మూడో గడి అందరి ముందూ చదివితే చాలు, ఏం మార్చాలో ఇంట్లోవాళ్లకే తెలుస్తుంది.