తల అదిరినప్పుడు చేయి చేయగల సాయము

నెల్లూరు జిల్లాలో బడి మైదానమున గాని, మైపాడు ఇసుకలో గాని చెడుగుడు ఆడు బాలుడు వెల్లకిల పడుట, తల నేలకు తగులుట అరుదు కాదు. నెత్తురు రాదు. బొప్పి కూడ కట్టకపోవచ్చును. కాని బాలుడు దిమ్మెరపోవును. తలనొప్పి, వికారము, కన్ను తిరుగుట కలుగును. అడిగినదే మరల మరల అడుగును. దీనిని వైద్యులు కంకషన్ అందురు. మెదడు అదురుట యని మనము చెప్పుకొనవచ్చును.

ఇట్టి సమయమున తలకు నూనె పెట్టి మర్దించువారును, మెడ విరిపించువారును కలరు. ఇందు మేలేది, కీడేది?

పెద్దవారి మెదడు సుమారు 1400 గ్రాముల మెత్తని పదార్థము. అది కపాలములో ఒక ద్రవమున తేలుచుండును. పరుగెత్తు బండి చప్పున ఆగినచో కడవలోని నీరు తొణకును గదా! అట్లే తల ఆగినను లోపలి మెదడు కదలును, మెలిపడును. సన్నని నాడీతంతువులు సాగును. కణములలోని పొటాషియము వెలికి వచ్చును, కాల్షియము లోనికి పోవును. వీనిని తిరిగి యథాస్థానమునకు చేర్చుటకు కణములకు ఎక్కువ శక్తి కావలెను. సరిగా అప్పుడే మెదడునకు రక్తప్రసారము తగ్గవచ్చును. ఈ లోటు తీరువరకు బాలుడు త్వరగా అలసిపోవును.

తిరుపతికి చేరువనున్న పుత్తూరు కట్టు ఎముకలకు ప్రసిద్ధము. విరిగిన ఎముకను చేయి తడిమి చూడగలదు, మెదడును తాకజాలదు. ఐనను 20వ శతాబ్దపు తొలి భాగమున అమెరికాలో విలియం సదర్లాండ్ అను వైద్యుడు కపాలపు ఎముకలు లయబద్ధముగా కదలుననియు, వానిని మృదువుగా సరిచేయవచ్చుననియు తలచెను. 1970 తరువాత జాన్ అప్లెడ్జర్ దీనినుండి క్రేనియోసేక్రల్ చికిత్సను రూపొందించెను. కాని ఒకే రోగిని ఇరువురు పరీక్షించినప్పుడు వారు చెప్పిన లయలు కలియలేదు. అట్టి స్పర్శవలన మనసునకు హాయి కలుగవచ్చును; మెదడు దానివలన నయమగునని ఋజువు కాలేదు.

చేయి నిజముగా తోడ్పడు చోట్లు రెండు కలవు. మొదటిది మెడ. తల అదిరినప్పుడు మెడ కండరములును, కీళ్లును బెణుకును. తలనొప్పికి, తల తిరుగుటకు ఇదియు ఒక కారణము. 2014లో కెనడాలోని కాల్గరీ పరిశోధకులు, బాధ చాలకాలము నిలిచిన 31 మందిపై ఒక పరీక్ష ప్రకటించిరి. మెడకు ఫిజియోథెరపీ, శరీరపు తూకమునకు అభ్యాసములు పొందినవారిలో 8 వారములలో 73 శాతము ఆటలకు తగినవారైరి. రెండవ జట్టులో 7 శాతము మాత్రమే. పరీక్ష చిన్నది, ఫలితము ఆశాజనకము.

రెండవది లోపలి చెవి. అందలి సూక్ష్మమైన సున్నపు స్ఫటికములు దెబ్బకు చోటు తప్పినచో, పక్కపై ఒత్తిగిలినంతనే లోకము గిర్రున తిరిగినట్లగును. తలను కొన్ని స్థితులలో క్రమముగా త్రిప్పి ఆ స్ఫటికములను స్వస్థానమునకు చేర్చు పద్ధతిని అమెరికా వైద్యుడు జాన్ ఎప్లీ కనిపెట్టెను. ఇది శిక్షణ పొందినవారే, మెడకు గాయము లేదని తేల్చిన పిమ్మట చేయవలెను.

మెడను ఫటుక్కున విరుచుట మాత్రము కూడదు. మెదడునకు నెత్తురు తీసికొనిపోవు ధమని చిరుగు ప్రమాదము కలదు. మరల మరల వాంతి, పెరుగుచున్న తలనొప్పి, మత్తు, మూర్ఛ, కాలు సేతుల బలహీనత, రెండు కంటిపాపలలో తేడా, చెవినుండి గాని ముక్కునుండి గాని నీరు కారుట కనబడినచో మర్దన మాట తలపెట్టక 108కు పిలిచి ఆసుపత్రికి చేర్పవలెను. మెడ నొప్పి యున్నచో బాలుని కదలింపరాదు.

ప్రమాద చిహ్నములు లేవని వైద్యుడు చెప్పిన పిమ్మట ఒకటి రెండు దినములు తగుమాత్రము విశ్రాంతి చాలును. చీకటి గదిలో వారములకొలది పడియుండ నక్కరలేదు. తరువాత మెల్లని నడక, కొంత చదువు, క్రమముగా పూర్తి పాఠములు. ఆట అన్నిటికిని చివర, వైద్యుని అనుమతితోనే. బాధ మిక్కిలి హెచ్చినచో ఒక మెట్టు దిగవలెను. బాలలలో పెక్కుమంది 4 వారములలో కోలుకొందురు. లోటు తీరకముందే రెండవ దెబ్బ తగులుట మిక్కిలి అపాయకరము.

కావున ఉపాధ్యాయుడు చేయదగిన పని సులభమే. దెబ్బ తగిలిన బాలుని ఆనాడు తిరిగి ఆటలోనికి పంపరాదు. మరునాడు పాఠము అప్పజెప్పలేకపోయినచో సోమరియని గద్దింపరాదు. మెడను, చెవిని నేర్పరి చేయి చక్కదిద్దగలదు. మెదడునకు మనము ఇయ్యవలసినది కొంత వ్యవధి, మరియొక దెబ్బ తగులకుండ కాపుదల.