కొడవలి గాటుకు పసుపు చాలునా?



మల్బరీ కొమ్మలు కోసేటప్పుడు వేలు తెగనివాళ్లు మనలో ఎవరున్నారు? కోలారైనా హోసూరైనా, తెగిన వెంటనే మనం వెదికేది పసుపు డబ్బానే.

ఈ పసుపు కోసం ఒకసారి పెద్ద వాదమే నడిచింది. గాయాలు మాన్పడానికి పసుపు వాడకం మీద 1995లో అమెరికాలో పేటెంటు ఇచ్చారు. ఇది మా దేశంలో ఎప్పటినుంచో ఉన్నదేనని మన సి.ఎస్.ఐ.ఆర్. పాత గ్రంథాలు, 1953 నాటి వైద్య పత్రిక వ్యాసం చూపించింది. 1997లో ఆ పేటెంటు రద్దయింది.

పసుపులోని కర్క్యుమిన్ వాపు తగ్గిస్తుందని, క్రిములను అడ్డుకుంటుందని ప్రయోగశాలల్లో చూశారు. అది నీళ్లలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది. మన అవ్వలు నూనెలో కలిపి రాసేది ఊరికే కాదు.

అయితే మందు తయారీలో పసుపు సారాన్ని శుద్ధి చేసి, కొలిచి వాడతారు. వంటింటి పొడిలో దుమ్ము, కల్తీ రంగు ఉండొచ్చు. పైగా పసుపు పూస్తే గాయం ఎర్రబడిందా, చీము పట్టిందా కనపడదు.

అందుకే ముందు గుడ్డతో నొక్కి రక్తం ఆపండి. పారే నీళ్లతో, సబ్బుతో కడిగి శుభ్రమైన కట్టు కట్టండి. లోతుగా తెగినా, మట్టి, పేడ తగిలినా ఆ రోజే ఆసుపత్రికి పోయి టీటీ సూది అడగండి. మానేదాకా సున్నం, బ్లీచింగ్ పని ఇంకొకరికి అప్పజెప్పండి.

నాలుగో జ్వరం లేచాక ఆకు కోత ఆగదని మాకూ తెలుసు. కానీ చెయ్యి బాగుంటేనే కదా, పంట చేతికొచ్చేది!