ఒలీవ చేదులోని మేలు

పట్టణములలోని అంగళ్లలో ఒలీవ నూనె సీసాలు, ఒలీవ ఆకు పొడి పొట్లములు నేడు దొరకుచున్నవి. రక్తపు పోటుకు వాడు మాత్రలు మాని ఈ పొడి వాడవచ్చునా, మన పొలములలో ఈ చెట్టు నాటవచ్చునా అను ప్రశ్నలు రైతు సోదరులకు కలుగుట సహజము. జవాబునకు ముందు ఈ చెట్టు గుణము తెలిసికొనవలెను.

ఒలీవ మధ్యధరా సముద్ర ప్రాంతపు చెట్టు. స్పెయిన్, ఇటలీ, గ్రీసు దేశములలో విస్తారముగా సాగగుచున్నది. మన మల్లె, పారిజాతము కూడ ఈ కుటుంబమునకు చెందినవే.

చేదు ఎందులకు?

పచ్చి ఒలీవ కాయ నోట పెట్టలేనంత చేదు. ఆ చేదునకు ముఖ్య కారణము ఓల్యూరోపీన్ అను పదార్థము. ఇది ఆకులలోను, లేత కాయలలోను ఎక్కువగా ఉండును. కాయ పండిన కొలది తగ్గును. చెట్టు దీనిని తన రక్షణకై తయారు చేసికొనును. పురుగు ఆకును కొరికినప్పుడు ఆకులోని ఒక ఎంజైము దీనిని విడగొట్టును. అప్పుడేర్పడు పదార్థము ఆకులోని మాంసకృత్తులను పట్టుకొని పురుగుకు వంటబట్టనీయదు.

కాయలను క్షారపు నీటిలో నానవేసి కాని, ఉప్పునీటిలో నెలల తరబడి ఊరవేసి కాని చేదు విరుతురు. అప్పుడు ఓల్యూరోపీన్ విడిపోయి హైడ్రాక్సీటైరోసాల్ ఏర్పడును.

నూనెలో ఏమున్నది?

నూనె గాలి తగిలి ముక్కిపోవుట అందరెరిగినదే. రక్తములోని కొవ్వు కూడ ఇట్లే చెడును. చెడిన కొవ్వు రక్తనాళముల గోడలలో చేరి పూడికకు దారి తీయును. హైడ్రాక్సీటైరోసాల్ ఈ చెడుటను అరికట్టుటకు తోడ్పడును. 20 గ్రాముల నూనెలో ఈ జాతి పదార్థములు కనీసము 5 మిల్లీగ్రాములున్నచో మాత్రమే ఈ మేలును సీసాపై వ్రాసికొనుటకు యూరోపియన్ యూనియన్ 2012లో అనుమతించినది.

శుద్ధి చేసిన నూనెలో ఈ పదార్థములు చాలవరకు పోవును. పిప్పి నుండి తీసిన ‘పోమేస్’ నూనెలోను ఇవి స్వల్పమే. ‘ఎక్‌స్ట్రా వర్జిన్’ నూనెలో ఇవి నిలిచియుండును. మంచి నూనె గొంతులో చురుక్కుమనుట లోపము కాదు; అది ఓలియోకాంథాల్ అను పదార్థపు ఘాటు.

ఆకు సంగతి

ఇండోనేషియాలో జరిపి 2011లో ప్రచురించిన ఒక పరీక్షలో, కొద్దిపాటి రక్తపు పోటు గలవారికి 500 మిల్లీగ్రాముల ఆకు సారమును దినమునకు రెండు మారులు, 8 వారములు ఇచ్చిరి. పోటు తగ్గినది. కాని అది ఇంత మోతాదని నిర్ణయించి తయారు చేసిన సారము. వైద్యుల పర్యవేక్షణలో ఇచ్చినది. పొట్లములోని పొడిలో సారమెంతయో కొనువానికి తెలియదు. మాత్రలు హఠాత్తుగా మానినచో పోటు పెరిగి పక్షవాతము రాగల ప్రమాదమున్నది. మాత్రలతోపాటు పొడి కూడ వాడినచో పోటు, చక్కెర మితిమీరి పడిపోవచ్చును.

మన పొలములలో

ఒలీవ పూత పట్టుటకు శీతకాలపు చలి అవసరము. రాజస్థాన్‌లో 2008లో ఈ తోటలు వేసిరి. అచ్చటి శీతకాలము చల్లనిది. మన కోస్తా మైదానములలో అట్టి చలి లేదు. చెట్టు పచ్చగా పెరిగినను కాపు రాదు.

రైతులకు సూచనలు

1. వైద్యుని అడుగకుండ ఏ మాత్రనూ మానరాదు. ఆకు పొడి మొదలిడరాదు.
2. ఊరవేసిన కాయలలో ఉప్పు మెండు. పోటు గలవారు మితముగా తినవలెను.
3. నూనె కొన్నచో వెలుతురు, వేడి తగులనిచోట ఉంచవలెను.
4. మొక్కలు అమ్మువారి మాటపై ఒలీవ తోట వేయరాదు.

ఒలీవ నూనె కొనలేకపోతిమని చింతింపనక్కరలేదు. మన నువ్వుల నూనెలోను సెసామిన్, సెసామోలిన్ అను సహజ పదార్థములు కలవు. నువ్వుల నూనె త్వరగా ముక్కిపోకుండుటకు ఈ జాతి పదార్థములే కారణము. గానుగ నూనెను మితముగా వాడుకొనుట మన చేతిలోని పని.