అశ్వశాలలో ఈగల కాలము

తొలకరి జల్లులు పడి, నేల తడిసి, మరల ఎండ కాచిన నాలుగైదు దినములకు అశ్వశాలలోనికి పోయి చూచినచో, గుఱ్ఱము మేత మేయుచునే క్షణమున కొకమారు ముంగాలితో నేలను తన్నుటయు, తోకను ఝళిపించుటయు, తోక యందని భుజములయొద్ద చర్మమును మాత్రము వడకించి అచట వ్రాలిన ఈగను విదల్చుకొనుటయు కంటబడక మానవు. ప్రకృతి దానికిచ్చిన రక్షణ అంతియే. మలక్‌పేట పందెపు గుఱ్ఱములకును, పెండ్లి ఊరేగింపులకు అద్దెకిచ్చు గుఱ్ఱములకును ఈ బాధ సమానమే. సమానము కానిది వాటికి లభించు సంరక్షణ.

గుఱ్ఱమును పీడించు ఈగలన్నియు ఒక జాతివి కావు. ఇంటి ఈగ కరవదు. కంటినీటిని, పుండు రసికను నాకుచు, పురుగుల పిల్లలను అచట విడిచి పుండును మాననీయకుండ చేయును. చూపునకు దానివలెనే యుండు మరియొక ఈగ ముందునకు పొడుచుకొని వచ్చిన ముక్కుతో కాళ్ళను కరచి రక్తము త్రాగును. ఉదయ సాయంసంధ్యలలో వచ్చు నుసుముల కాటు సరిపడని గుఱ్ఱములు దురదకు తాళలేక, జూలు ఊడిపోవునంతగా గోడకు ఒరసికొనును.

వీటన్నిటిని మించినది జోరీగ. అందు ఆడుది మాత్రమే రక్తపానము చేయును. చర్మమును కోసి, ఊరిన నెత్తురును పీల్చును. ఆ నొప్పికి గుఱ్ఱము అదరిపడి తరుమగా, అది సగము త్రాగిన రక్తముతో లేచి, ప్రక్కనున్న మరియొక గుఱ్ఱముపై వ్రాలి తన భోజనమును ముగించుకొనును. సర్రా వ్యాధి ఒక గుఱ్ఱమునుండి మరియొకదానికి సోకు మహాపాయమునకు మూలమిదియే. 1880లో డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో గ్రిఫిత్ ఇవాన్స్ అను పశువైద్యుడు, సర్రా వ్యాధిచే కృశించుచున్న గుఱ్ఱముల యొక్కయు ఒంటెల యొక్కయు రక్తమును సూక్ష్మదర్శినితో పరీక్షించి, అందు చరించు సూక్ష్మజీవిని కనిపెట్టెను. ట్రిపనోసోమా ఇవాన్సై అను దాని నామమునందు ఆయన పేరు నిలిచియున్నది. విడిచి విడిచి వచ్చు జ్వరము, రక్తహీనత, కాళ్ళకును పొట్ట క్రిందను నీరు దిగుట దాని లక్షణములు. చికిత్స చేయనిచో చాలమట్టుకు గుఱ్ఱములు మరణించును. మన దేశమున ఈ వ్యాధి నేటికిని కలదు. కావున ఈగల మందును విలాసపు వ్యయముగా నెంచుట సరికాదని నా నిశ్చితాభిప్రాయము.

ఈ పిచికారి మందులలో పెక్కింటికి మూలము ఒక పుష్పము. చామంతి కుటుంబమునకు చెందిన పైరెత్రమ్ పూలనుండి తీసిన పైరెత్రిన్‌లు కీటకముల నాడీవ్యవస్థను దెబ్బతీయును గాని, ఎండ తగిలినంతనే వాటి శక్తి క్షీణింప నారంభించును. ఆ లోపమును సవరించుటకు శాస్త్రజ్ఞులు చిరకాలము శ్రమింపగా, 1973లో ఇంగ్లండునందలి రోథామ్‌స్టెడ్ పరిశోధనాలయమున మైకేల్ ఎలియట్ బృందము ఎండకు నిలుచు పెర్మెత్రిన్‌ను వెలువరించెను. నేటి మందులలో ఇదియో, ఇట్టిదే యగు సైపర్‌మెత్రినో తరచుగా కనబడును. వేపనూనె, సిట్రొనెల్లా తైలము కొంతసేపు ఈగలను దూరముగా నుంచును. జోరీగల ఉద్ధృతిలో వాటినే నమ్ముకొనరాదు. పెర్మెత్రిన్ పిల్లులకు ప్రాణాంతకము, చేపలకు విషము. శాలలో పిల్లిని పెంచువారును, చెరువుగట్టున గుఱ్ఱమును కడుగువారును ఈ సంగతి మరువరాదు.

మందు చల్లుటకును పద్ధతి కలదు. మొదట మాలీసు చేసి దుమ్మును, చెమటను తొలగింపవలెను. మట్టిపై పడిన మందు మట్టితోనే రాలిపోవును. సీసానుండి వెలువడు బుసకు గుఱ్ఱము బెదరుట సహజము. ఓర్పుగల సైసు తొలుత సీసాలో మంచినీరు పోసి, ఒక చేత మెడ నిమురుచు, మరియొక చేత ముంగాలిమీద చల్లుచు, గుఱ్ఱము కదలక నిలిచిన క్షణముననే చల్లుట ఆపును. తాను నిలిచినచో బుస ఆగునని అది అట్లు గ్రహించును. క్రొత్త మందును ముందు భుజముపై అరచేతియంత చోటనే చల్లి, దద్దురు లేవకున్నచో మరునాడు కాళ్ళకును, పొట్ట క్రిందను, రొమ్మునకును చల్లవలెను. జీను ఆనుచోట వలదు. చెమటతో ఒరసికొని చర్మము పొక్కును. ముఖముపై చల్లక, గుడ్డను తడిపి, కన్నులకును ముక్కుపుటములకును తగులకుండ తుడువవలెను. పశువులకై అమ్ము చిక్కని మందును ఏ పాళ్ళలో నీటితో కలుపవలెనో పశువైద్యునే అడుగవలెను.

ఇంత చేసినను, ఒక వానకో, ఒక స్వారీ చెమటకో మందు కారిపోవును. శాల వెనుక లద్దె కుప్ప మాత్రము అట్లే యుండును. ఉక్కపోత దినములలో అందు ఇంటి ఈగ గ్రుడ్డునుండి రెక్కలు తొడుగుటకు పది దినములు చాలును. మూత్రముతో తడిసిన గడ్డిలో పెరుగు కరచు ఈగకు ఇంచుమించు మూడు వారములు. ప్రతిదినము లద్దెను ఎత్తి దూరముగా పోసి కప్పినచో ఆ రెండు జాతులును తగ్గును. నుసుములు గాలికెదురు ఎగురజాలవు గనుక సంధ్యవేళ పంకా త్రిప్పిన చాలును. బురదనేలలలో పుట్టి ఎగిరివచ్చు జోరీగకు ఈ ఉపాయములు పనిచేయవు. నలుపు తెలుపు చారల వస్త్రము కప్పిన గుఱ్ఱములపై అవి చాల తక్కువగా వ్రాలినవని 2019లో వెలువడిన టిమ్ కారో బృందపు పరిశోధన తెలిపినది. వస్త్రము లేని తలపై మాత్రము యథాప్రకారముగనే వ్రాలినవి, కావున అచట మందు తడిపిన గుడ్డ తప్పదు.