తోపుడుబండి పైకప్పు: చిరుగుకు కారణాలు, మరమ్మతు విధానం

6.3 పరిచయం
కాట్పాడి–తిరుపతి రైలుమార్గం నుంచి ధర్మవరం మార్గం చీలే జంక్షన్ పాకాల. ఇటువంటి ఊళ్లలో టిఫిన్ బండికి టార్పాలిన్ పట్టాయే పైకప్పు. ఈశాన్య రుతుపవనాలు వీచే అక్టోబరు–డిసెంబరు నెలల్లో అది చిరిగితే ఆ పూట బేరం పోయినట్లే. అతుకు వేసిన కొద్దిరోజులకే పట్టా మళ్లీ అక్కడే చిరగడం మీరు గమనించి ఉంటారు. చిరుగును కుట్టి, దాని కారణాన్ని అలాగే వదిలివేయడం వల్ల ఇలా జరుగుతుంది.

6.3.1 కారణాన్ని గుర్తించడం
చిరుగు ఏ చోట ఉందో చూస్తే కారణం తెలుస్తుంది.
అ) పట్టా మధ్యలో సాగి చిరిగితే, అక్కడ వాననీరు నిలుస్తోందని అర్థం. ఒక చదరపు మీటరు మేర 2 సెంటీమీటర్ల లోతున నీరు నిలిస్తే అది 20 లీటర్లు, అంటే 20 కిలోల బరువు.
ఆ) చట్రం అంచు వెంట చిరిగితే, కారణం రాపిడి.
ఇ) తాళ్లు కట్టే కన్నాల వద్ద చిరిగితే, కారణం గాలి లాగుడు.
ఈ) పట్టా అంతటా పెళుసెక్కితే, కారణం ఎండలోని అతినీలలోహిత కిరణాలు. అటువంటి పట్టాకు అతుకు నిలవదు; దానిని మార్చవలసిందే.

6.3.2 అతుకు వేయడం
పాలిథీన్ పట్టాకు మామూలు జిగురు సరిగా అంటదు. కాబట్టి కుట్టాలి. ముందుగా పట్టాను కడిగి ఆరబెట్టాలి. చిరుగుకు అన్నివైపులా 5 సెంటీమీటర్లు ఎక్కువ ఉండేలా అదే రకం ముక్కను తీసుకొని, దాని మూలలను గుండ్రంగా కత్తిరించాలి. కోణాలుగా వదిలితే లాగుడంతా అక్కడే పడి అతుకు లేస్తుంది. నూలుదారం తడికి చివుకుతుంది కనుక పాలిస్టర్ దారం వాడాలి. కుట్లు మరీ దగ్గరగా వేస్తే సూది రంధ్రాల వరుస వెంటే పట్టా చిరుగుతుంది. ఆటో సీటు కవర్లు కుట్టేవారి వద్ద ఈ పని చేయించుకోవచ్చు.

6.3.3 కారణాన్ని తొలగించడం
నీరు జారిపోయేలా పట్టాను ఒకవైపు వాలుగా కట్టాలి. చట్రం అంచులకు పాత సైకిల్ ట్యూబు చుడితే రాపిడి తగ్గుతుంది. తాడుకు, కన్నానికి మధ్య ట్యూబు ముక్క కడితే గాలి వీచినప్పుడు అది సాగి, కన్నంపై లాగుడును తగ్గిస్తుంది. పాలిథీన్ 110–130 డిగ్రీల సెల్సియస్ వద్దే కరుగుతుంది కాబట్టి, పట్టా పొయ్యి మంటకు, సెగకు దూరంగా ఉండాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
మీ ఊరిలో ఒక బండి పట్టాను పరిశీలించండి. చిరుగు ఎక్కడ ఉంది? అతుకు వేసేముందు ఏ మార్పు చేయాలి? కారణాలతో వివరించండి.