పూత గట్టిదే... మరి గచ్చు?

మాత్రలు తయారయ్యే గదిలో నేల అద్దంలా మెరుస్తుంటుంది. ఎక్కడా అతుకు కనిపించదు. గోడా నేలా కలిసేచోట కూడా మూల లేకుండా వంపు తిప్పేస్తారు. ఇదంతా సోకు కోసం కాదు! గచ్చులో సన్నటి నెర్రె ఉన్నా మందుపొడి చేరుతుంది, తడి తగిలితే సూక్ష్మజీవులు కాపురం పెడతాయి. అందుకే మందుల కర్మాగారాల్లో నేల పగుళ్లు లేకుండా నునుపుగా, తేలిగ్గా శుభ్రం చేసేలా ఉండాలంటాయి మనదేశంలోని షెడ్యూల్‌ ఎం నిబంధనలు. జీడిమెట్లలోనైనా పరవాడలోనైనా ఔషధ పరిశ్రమలు ఎపాక్సీ పూతను ఎంచుకునేది ఇందుకే.

పేరు కొత్తగా అనిపించినా ఇది ఇంట్లో తెలిసిన పదార్థమే. విరిగిన వస్తువుల్ని అతికించే ఆరల్డైట్‌ కూడా ఎపాక్సీయే. ఒక ట్యూబులో రెసిన్‌, మరోదాంట్లో హార్డెనర్‌. రెండూ కలిస్తే రాయిలా బిగుసుకుంటాయి.

మరి ఇంత గట్టి పూత కొన్నిచోట్ల ఏడాది తిరక్కుండానే పెచ్చులుగా ఎందుకు లేస్తుంది? చాలాసార్లు లోపం పూతలో కాదు, కింద ఉన్న కాంక్రీటులో ఉంటుంది. కొత్త కాంక్రీటుకు సాధారణంగా కనీసం 28 రోజులు గడువివ్వాలి. పైకి పొడిగా ఉన్నా లోపల చెమ్మ ఉండొచ్చు. అది తెలుసుకోవడం తేలికే. అడుగున్నర చదరం ప్లాస్టిక్‌ షీటును నేలమీద పరిచి, నాలుగంచులూ టేపుతో అతికించి 16 గంటలు వదిలేయాలి. తీసి చూస్తే కింద తడి కనిపించిందా... పని ఆపాల్సిందే! చెమ్మ ఆరాక నూనె మరకలు వదిలించి, గ్రైండింగ్‌ చేసి గచ్చును గరుకుగా మార్చాలి. పూత పట్టుకునేది ఆ గరుకునే.

ఎపాక్సీకీ పరిమితులున్నాయి. ఎండ తగిలితే పసుపెక్కుతుంది. మరుగుతున్న నీళ్లు తరచూ పడితే మామూలు రకాలు మెత్తబడి లేచిపోతాయి. అందుకే వేడినీటితో కడిగే ఆహార పరిశ్రమల్లో పాలియురేతేన్‌ సిమెంటు ఫ్లోరింగ్‌ మేలు.

పూత వేసేవారి సంగతీ మరవకూడదు. గట్టిపడని రెసిన్‌, హార్డెనర్‌ చర్మానికి తగులుతుంటే అలర్జీ రావచ్చు. ఒకసారి వచ్చిందంటే తరవాత కాస్త అంటినా దద్దుర్లే. ఆ పనే మానుకోవాల్సిరావచ్చు. నైట్రైల్‌ గ్లౌజులు తప్పనిసరి. చేతులకు అంటితే థిన్నర్‌తో తుడుచుకోకూడదు, సబ్బునీళ్లతో కడుక్కోవాలి.

గడువు ముంచుకొస్తోందని చెమ్మమీదే పూత వేయిస్తే నాలుగు రోజులు కలిసొచ్చినట్టే ఉంటుంది. పెచ్చులు లేచాక మాత్రం యంత్రాలు ఆపాలి, నేలంతా చెక్కాలి, మళ్లీ మొదట్నుంచీ రావాలి!