ఒకరికి మందు రాస్తే ఇంట్లో గజ్జి పోదు



మిరప ఆకు కిందికి ముడుచుకుంటే "నల్లి పట్టింది" అని మీరు ఇట్టే గుర్తుపడతారు. ఆ నల్లికి దూరపు చుట్టం ఒకటి మన పిల్లవాని వేళ్ళ సందుల్లో కాపురం పెడితే మాత్రం "వేడి చేసింది, రక్తం చెడింది" అని ఊరుకుంటాము. అదే గజ్జి. కొన్ని తావుల చిడుము అని కూడ అంటారు.

గజ్జి రక్తదోషం కాదు, పురుగు వల్ల వచ్చే జబ్బు. ఇటలీలో పేదింటి తల్లులు బిడ్డల గజ్జి పొక్కుల నుంచి సూదిమొనతో ఏదో తీస్తూ వుండగా, బొనోమో అనే వైద్యుడు దానిని సూక్ష్మదర్శినిలో చూసి, ఈ పురుగే కారణమని 1687లో వ్రాసినాడు.

ఎనిమిది కాళ్ళ ఈ పురుగు అర మిల్లీమీటరు కూడ వుండదు. ఆడపురుగు చర్మం పైపొరలో సొరంగం తవ్వుకుంటూ రోజుకు 2, 3 గుడ్లు పెడుతుంది. 3, 4 రోజుల్లో అవి పొదుగుతాయి. సుమారు రెండు వారాల్లో ఆ పిల్లలు ఎదిగి మళ్ళీ గుడ్లకు వస్తాయి. వేళ్ళ సందులు, మణికట్లు, చంకలు, నడుము, మర్మావయవాలు వీటికి ఇష్టమైన చోట్లు. దురద రాత్రిపూట హెచ్చు.

"మందు రాశామండీ, తగ్గింది, నెల తిరగకుండా మళ్ళీ వచ్చింది" అని చాలామంది అంటారు. తప్పు మందుది కాదు. మొదటిసారి గజ్జి పట్టినవారికి దురద పుట్టడానికి 4 నుంచి 6 వారాలు పట్టవచ్చు. అంటే గోక్కోని తమ్ముడి వంటిమీద కూడ పురుగు వుండవచ్చునన్నమాట. గోక్కునే అన్నకొక్కడికే మందు రాసి, ఇద్దరినీ ఒకే చాపమీద పడుకోబెడితే ఏమవుతుంది? నాలుగు సాళ్ళకు మందు కొట్టి తక్కిన చేను వదిలేసినట్టే!

కాబట్టి ఇంటిల్లిపాదీ, దురద వున్నా లేకున్నా, ఒకే రాత్రి మందు రాసుకోవాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు గారిని అడగండి. సాధారణంగా 5 శాతం పెర్మెత్రిన్ క్రీము యిస్తారు. మెడ నుంచి అరికాళ్ళ దాకా, గోళ్ళ కింద కూడ రాసి, 8 నుంచి 14 గంటలు వుంచి స్నానం చేయాలి. వారం తర్వాత మరొకసారి రాయాలి. పసిబిడ్డలకు, గర్భిణులకు డాక్టరు చెప్పిన ప్రకారమే వాడాలి.

మనిషిని వదిలిన పురుగు 2, 3 రోజులకు మించి బతకడం అరుదు. గత మూడు రోజులుగా వాడిన బట్టలు, దుప్పట్లు వేడినీళ్ళలో వుతికి ఎండలో ఆరవేయండి. వుతకలేని బొంతలను ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి వారం వుంచండి.

పురుగు చచ్చినా దురద మరి 2 నుంచి 4 వారాలు వుండవచ్చు. తగ్గలేదని రోజూ మందు పూయకండి. నెల దాటినా తగ్గకపోతే, కొత్త పొక్కులు వస్తే మళ్ళీ డాక్టరుకు చూపించండి.

ముఖ్యమైన మాట ఒకటి. చేనుకు కొట్టే పురుగుమందు గాని, పశువులకిచ్చే మందు గాని ఒంటికి పూయరాదు, మింగరాదు. ప్రాణానికే ముప్పు. గోకిన పుండ్లు చీము పడితే పిల్లలకు మూత్రపిండాల జబ్బు కూడ రావచ్చు. ఆలస్యం చేయవద్దు.

దూడలకు, మేకలకు, కుక్కలకు పట్టే గజ్జి పురుగు వేరు రకం. వాటిని ముట్టిన మనిషికి కొద్దిరోజులు దురద పుడుతుంది గాని, ఆ పురుగు మనమీద సంతతి పెంచుకోలేదు. పశువుల డాక్టరుచేత వాటికి వైద్యం చేయించండి.

గ్రామాల్లో తిరిగే విస్తరణ కార్యకర్తలకు మనవి. గజ్జి వున్న ఇల్లు కనబడితే "ఎవరికి దురద?" అని అడిగి ఆగకండి. "ఈ ఇంట్లో ఎంతమంది పడుకుంటారు?" అని అడగండి. అంతమందికీ మందు అందితేనే ఆ ఇంటికి నిద్ర. గజ్జి సిగ్గుపడవలసిన జబ్బు కాదు, దాచిపెడితే మాత్రం ఊరంతా పాకే జబ్బు.